కాలదోషం

సాయంత్రం ఆరు. కాన్వెంట్ జంక్షన్‌లో బస్సెక్కేసరికి
చొక్కా జేబు మీద బొగ్గు ధూళి,
సంచిలో వాణిజ్య చట్టం, రెండో సెమిస్టర్.
ముప్పై తొమ్మిదేళ్ళ వాణ్ణి.
పగలంతా బస్తాలు లెక్కపెట్టి
రాత్రి వాటి సంగతేమిటో చదువుకుంటున్నాను.

పదహారేళ్ళుగా పోర్టులో టాలీ గుమస్తాని.
నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం,
అదే నా లిపి.
లోపల ఏముందో ఎప్పుడూ విప్పి చూడలేదు.
"ఉన్నట్టు చెప్పబడిన సరుకు" అని రాసి
కింద సంతకం పెట్టడమే.
ఆ ముక్క మీద ఎన్ని కోర్టుల్లో
ఎన్నేళ్ళు వాదులాడుకున్నారో
క్లాసుకొచ్చాకే తెలిసింది.

నా పక్క బెంచీ నిష్కల. ఇరవై మూడేళ్ళు.
సార్ అనాలో అన్నయ్యా అనాలో తేలక
ఏమీ అనకుండా హైలైటర్ అందిస్తుంది.
పుస్తకంలో మనుషులుండరు. ఏ ఉంటాడు, బీ ఉంటాడు.
ఏ, బీకి నూరు బస్తాలు అమ్మును.
బీ సొమ్ము చెల్లించడు.
ఏకి మోకాళ్ళ నొప్పి లేదు,
బస్సు ఛార్జీకి తడుముకోడు.

ఒక మంగళవారం సుభాషిణి మేడమ్ దైవకృత్యం పాఠం చెప్పారు.
తుపాను దేవుడి పని.
సరుకు పోతే దాచినవాడు బాధ్యుడు కాడు.
సుద్దముక్క ఆగింది.
"కానీ" అన్నారావిడ.
ఈ చదువంతా ఆ కానీ దగ్గరే మొదలు.
"కానీ, లోపం ముందే తెలిసుంటే?"

నాకు కప్పు కనిపించింది.
క్లాసుది కాదు.
హుద్‌హుద్‌కి రెండు నెలల ముందు
గోడౌన్ మూడో బేలో, నెత్తి మీద
అరచేయంత ఆకాశం.
రేకు తుప్పు పట్టింది, మార్చాలి అని
ఆగస్టులో ఒకసారి రాశాను.
సెప్టెంబర్లో రెండుసార్లు.

తుపానొచ్చింది. డాల్ఫిన్ కొండ
ఒక్క రాత్రిలో మాడిన రంగుకి తిరిగింది.
పాడేరు పసుపు, రెండువందల పన్నెండు బస్తాలు,
నాని, ఉబ్బి, పిగిలి
గోడౌన్ నేలంతా పెళ్ళివారింటి వాకిలి.

పాంగి సుక్రు కొండ దిగి వచ్చాడు.
బస్తాల వంక చూడలేదు. పైకి చూశాడు.
"గాలంటే దేవుడిది బాబూ.
మరా కన్నం ఎవులిది?"

మేనేజర్ నాకు కొత్త రిజిస్టరిచ్చాడు.
పాతది తడిసిపోయిందన్నాడు.
పాతది పొడిపొడిగా ఆయన బల్లసొరుగులోనే ఉంది.
ఆగస్టు నుంచి మళ్ళీ రాశాను.
చేతివ్రాత చక్కగా కుదిరింది.
ఆ నెల జీతం ఒకటో తారీఖునే పడింది.

"తెలిసుంటే" మేడమ్ అంటున్నారు,
"దేవుడి పేరు వాడుకోడానికి వీల్లేదు."
నిష్కల ఆ వాక్యం మీద
పసుపు రంగు పూసింది.

పరీక్షలో నాలుగో ప్రశ్న అదే.
ఏ, బీ అనే మొదలుపెట్టాను.
రెండో పేజీకొచ్చేసరికి ఏ పేరు
పాంగి సుక్రు అయిపోయింది.
బీ గోడౌను.
మధ్యలో ఇంకొకడు, పుస్తకంలో వాడికి అక్షరం లేదు,
కొత్త రిజిస్టర్లో పాత తేదీలు వేస్తున్నాడు.
ఇరవైకి పదకొండు. ఎర్రసిరాతో:
"ఉదాహరణ అనవసరంగా పొడవు. సెక్షన్లు రాయవలెను."

సరే, సెక్షన్లు.
దావాకి మూడేళ్ళు. దాటితే కాలదోషం.
జాతకంలో మాటలా లేదూ!
ఏ శాంతి చేయించినా పోదు.
కానీ,
ఇరవై ఐదు, మూడో ఉపసెక్షన్:
కాలదోషం పట్టిన బాకీనైనా
తీరుస్తానని కాగితం మీద రాసి సంతకం పెడితే
అది మళ్ళీ లేచి నడుస్తుంది.
అది డబ్బు బాకీల సంగతి. తెలుసు.
నేను సుక్రుకి డబ్బు బాకీ లేను. అదీ తెలుసు.

మద్దిలపాలెంలో దిగి
మూసేస్తున్న జిరాక్స్ కొట్టులో
తెల్లకాగితం అడిగాను.
"ఒకటేనా?"
ఒకటే.

ఆగస్టు పద్నాలుగు. మూడో బే. రేకు.
అక్కడిదాకా వచ్చాను.
చేతివ్రాత ఈసారి కుదరడం లేదు.