చేతుల బీమా

మా జెర్సీ ఆవు చెవికి పసుప్పచ్చ బిళ్ళ ఉండాది,
చస్తే దుడ్లొస్తాయి.
స్కూటీకీ కాగితముండాది.
ఈ రెండు చేతులకే ఏమీ లేదు.

గిరింపేట ఏజెంటు దొరస్వామి
రాత్రి డ్యూటీలోనే వచ్చినాడు.
"ఏడాదికోసారి కట్టేయ్ సిస్టర్,
కేసు పడితే వకీలు మాది."

చెయ్యని తప్పుకు ముందే
అపరాధం కట్టినట్టు కాదా, అన్నా.
వార్డులో ముప్పై ఒక్క మంచాలు.
మేం ఇద్దరం.

సలోమి గుర్తొచ్చింది.
డాక్టరు ఫోన్లో చెప్పిన డోసు,
కేసు షీటులో ఆమెదొక్కటే సంతకం.
విచారణ రోజు ఆసుపత్రి వకీలు
ఆసుపత్రి పక్కనే కూర్చున్నాడు.
ఆమె పక్కన టిఫిన్ క్యారియరు.
ఇప్పుడు పలమనేరు టమాటా మండీలో
లెక్కలు రాస్తా ఉండాది.
తూకం తప్పితే అక్కడ
తిట్లు కాటాకే పడతాయంట.

ఫారం తీసుకున్నా.
"గతంలో మీపై ఫిర్యాదులు?"
లేవు అని రాసే ముందు
తొమ్మిదేళ్ళ రాత్రుల్ని
ఒక్కొక్క మంచమే తడిమి చూసుకున్నా.
పెన్ను కదల్లేదు.

ఏడో మంచం పిలిచింది,
సెలైను అయిపోవస్తాందని.
ఫారం మడిచి జేబులో పెట్టుకోని
సీసా మార్చినా,
టైము రాసినా,
ఎవరు చెప్పినారో
అదీ రాసినా.