విలువ గడి

కత్తిరి ఎండ మొదలైన వారం నుంచీ
సెంట్రల్ స్టేషన్ పార్సిల్ ఆఫీసుకి
కుక్కలు వస్తుంటాయి.
వాటిని తూచడం నా పని.

బియ్యం మూటకి తెలుసు ఎలా కూచోవాలో.
పెట్రోలు తీసేసిన మోటారు సైకిలు బుద్ధిగా నిలబడుతుంది.
పూలబుట్టలు తడిగోనెల కింద నిద్రపోతాయి.
కుక్క మాత్రం కాటా ఎక్కదు.
ఎక్కినా ఒక కాలు ఎప్పుడూ
ఇంటివాళ్ల వైపు నేల మీదే ఉంచుకుంటుంది.

అందుకని పోర్టరు ఏలుమలై, నాకన్నా ఆరేళ్లు పెద్ద,
వాడొక లెక్క కనిపెట్టాడు.
ముందు మనిషి కుక్కని ఎత్తుకుని ఎక్కాలి,
తర్వాత ఒక్కడే ఎక్కాలి.
మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే కుక్క.
పంతొమ్మిదేళ్లుగా ఈ తీసివేతలు చేస్తున్నాను.
ఒక్కోసారి, కుక్కని దించి ఎక్కిన మనిషి
ఉండాల్సినదాని కన్నా అరకిలో తక్కువ తూగుతాడు.
కాటా పాతది, అనుకుంటాను.

నిన్న రాత్రి బండికి
అయనావరం నుంచి పురుషోత్తం గారి కుటుంబం వచ్చింది.
అరకు. ఆరు రోజులు.
ముగ్గురు మనుషులు, రెండు సూటుకేసులు, పులిహోర డబ్బా,
గొలుసు చివర బెల్లం రంగు నాటు కుక్క.
ఒక చెవి నిలబడి, ఒక చెవి వంగి,
సగం వింటూ, సగం ఆలోచించుకుంటూ.

పేరు?
తాసీల్దారు, అంది వాళ్ల పాప మేదిని.
రా అంటే రాడండీ. రండి అనాలి.
మా అత్తగారు సరదాకి మొదలెట్టారు, అంది తల్లి.
ఇప్పుడిక దిగి రాడు.

కాగితంలో గడులు నింపుకుంటూ పోయాను.
పంపేవారు, అందుకునేవారు: ఒకటే పేరు.
సరుకు: కుక్క, ఒకటి.
ప్యాకింగు: లేదు.
విలువ.

ఎంత వేయమంటారు?
అందర్నీ అడిగేదే.
లాబ్రడార్ల వాళ్లు కొన్న రేటు చెబుతారు,
రసీదు కూడా తీస్తారు.
పురుషోత్తం గారు భార్య వంక చూశారు.
ఆవిడ సూటుకేసు జిప్పు వంక చూసింది.
వానలో టీకొట్టు బెంచీ కింద దొరికాడండీ, అన్నాడాయన,
నేరం ఒప్పుకుంటున్నట్టు.

ఎక్కువ వేస్తే ఎక్కువ కట్టాలా? అడిగింది మేదిని.
కాస్త.
తక్కువ వేస్తే?
ఒకవేళ పోతే, అని మొదలెట్టి
మిగతాది మింగేశాను.
అయినా వినేసింది.
తాసీల్దారు వంగిన చెవి కూడా లేచింది.

గడిలో చివరికి ఏం రాశానో చెప్పను.
అది ఆఫీసు విషయం.

కుక్కల పెట్టెలో ఇనుము
ఇంకా మధ్యాహ్నంలోనే ఉంది.
ఏలుమలై రెండు బకెట్ల నీళ్లు కొడితే ఆవిరి లేచింది.
పావం, అన్నాడు వాడు.
మేదిని తన ఏనుగుబొమ్మల దుప్పటి పరిచింది.

రారా, అన్నాడు ఏలుమలై. వాడికొచ్చిన తెలుగు అంతే.
కదల్లేదు.
పురుషోత్తం గారు గొలుసు లాగారు.
ఈసారి నాలుగు కాళ్లూ నేలకి అతుక్కున్నాయి.
గార్డు వాచీ చూసుకున్నాడు.

ఈ ఆఫీసులో అందరం అందరికీ సార్.
గారు అని నోరారా అని ఎన్నాళ్లయిందో.
ఎందుకో చొక్కా సర్దుకున్నాను.
తాసీల్దారు గారూ, లోపలికి దయచేయండి.

ఆయన నన్ను చూశారు.
చెయ్యి వాసన చూశారు:
జిగురు, సిరా, పొద్దుటి నుంచి తూచిన పద్నాలుగు కుక్కలు.
ఎక్కారు.

బండి వెనక ఎర్రదీపం చిన్నదై పోయాక
ప్లాట్‌ఫారం మీద ఖాళీ బకెట్లు, మేమిద్దరం.
సార్, మీరు లీవు పెట్టలేదా ఈ ఎండాకాలం? అడిగాడు.
లేదు. నువ్వు?
నవ్వాడు. బకెట్లు ఎత్తుకున్నాడు.

ఒకటి అందుకున్నాను.
పదండి ఏలుమలై గారూ, టీ తాగుదాం.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు,
ఇంకెవరినో పిలిచాననుకుని.