రెండు మూరల ఎడం

డాబాగార్డెన్స్ షాపులో కుర్రాడు
డబ్బా మీది అంకె మీద వేలు పెట్టాడు:
పదిహేను వేల ల్యూమెన్లు, మేడం.
పెళ్ళిళ్ళలో లైటు పట్టుకుని పదకొండేళ్ళు బతికినదాన్ని,
అంకె కాదు, అంచు చూడాలని తెలుసు.
షట్టరు సగం దించి
గోడ మీద వెయ్యమన్నాను.
నడుమ తెల్లగా మండే బొట్టు, చుట్టూ చీకటి.
వద్దు.
ఇంకోటి.
నీళ్ళలో పోసిన పాలలాగా
అంచుదాకా మెల్లగా పలచబడే వెలుగు.
ఇలాంటివి రెండు.
ధర విని కెమెరా జకరయ్య
బయటికెళ్ళి టీ తాగొచ్చాడు.

మంగమారిపేట. మాఘమాసం. తెల్లారి ఆరు.
నల్లటి రబ్బరు వలయానికి
కాటుక పెట్టినంత గ్రీజు, అంతకు మించి కాదు.
ఒక్క తలవెంట్రుక చాలు
సముద్రం లోపలికి రావడానికి.
అందుకే జుట్టు గుడ్డలో బిగించి కట్టుకుంటాను.
పడవలో నీలం డ్రమ్ము, దానినిండా నీళ్ళు:
ఈ దీపాలు గాలిలో ఎక్కువసేపు వెలిగితే
వాటి వేడికి అవే కాలిపోతాయి.

మొదటిసారి దిగినప్పుడు
పెళ్ళిలో అలవాటే చేశాను.
కెమెరాకు చెంపకు చెంప ఆనించి
సూటిగా మొహం మీదికి.
పైకొచ్చి చూస్తే తెర నిండా తెల్లటి నలుసులు.
"పిండిమరలో తీశావా?" అన్నాడు జకరయ్య.

చుక్కాని దగ్గర మైలపల్లి ఎల్లాజీ నవ్వాడు.
"అరకు గాటీలో మంచడిపోయినపుడు
పెద్దలైటేత్తే ఏటవుద్ది, లైటమ్మా?
దారి కనబడద్దా, మంచు కనబడద్దా?"

అప్పుడు చేతులు చాపాను.
కెమెరాకి అటు రెండు మూరలు, ఇటు రెండు మూరలు.
దీపాల మొహాలు చేప వైపు కాదు,
చేపకు పక్కనున్న ఖాళీ వైపు.
రెండు వెలుగుల అంచులు మాత్రం కలవాలి,
నడుములు కలవకూడదు.
కుడిది కాస్త పైన, ఎడమది సగం తగ్గించి.
రెండూ సమానమైతే
చేపకీ పెళ్ళి ఆల్బం మొహం వస్తుంది,
ముక్కు నీడ కూడా లేకుండా.
అలాంటి మొహాలు ఎన్ని వేలు చేశానో.

ఎనిమిది మీటర్ల కింద ఎరుపు ఉండదు.
రాయి గీరుకుని వేలికి వచ్చిన రక్తం
ఆకుపచ్చగా లేచింది.
రాళ్ళ సందుల్లో గులివిందలు,
బూడిదరంగులో,
మీసాలతో ఇసక తవ్వుకుంటూ.
మెల్లగా, ఊపిరి కన్నా మెల్లగా
వెలుగు జరిపాను.
కుంకుమ!
ఒకటి ఆగింది.
అప్పుడే ఎడమ దీపం ఆరిపోయింది.
నీళ్ళలో తిట్టుకోలేం.

సాయంత్రం జాలారిపేటలో
ఎల్లాజీ తల్లి పరదేశమ్మ ముందు లాప్‌టాప్ పెట్టాం.
నలభై ఏళ్ళు గులివిందలు గంపకెత్తిన మనిషి
చేతులు చీరకు తుడుచుకుని కూర్చుంది.

"ఇది నీల్లలోనే ఎర్రగున్నాదేటి?
మట్టిరంగని మా మావ సెప్పీవోడు.
వలలో పైకొచ్చీసరికి
మనల్ని సూసి సిగ్గుతో ఎర్రబడతాదనీవోడు."

"సిగ్గు కాదమ్మా, లైటు."

"అయితే నీ లైటు తీసీసి సూపించు."

తీసేసింది లేదు. చెడిపోయింది ఉంది.
ఏడు సెకన్లు.
కుడివైపు కుంకుమ, ఎడమవైపు బూడిద,
నడుమ ముక్కు దగ్గర చిన్న నీడ.
జకరయ్య దాటించబోయాడు.
ఆవిడ ఉప్పు వేలు తెర మీద ఆనింది.
"ఆపు.
మా మావ సూసినదీ ఉన్నాది, నేనమ్మినదీ ఉన్నాది."
ఆ తరవాత చాలాసేపు ఏమీ అనలేదు.
తెర మీద వేలిముద్ర మిగిలింది,
నేను తుడవలేదు.

రాత్రి రెండు దీపాలూ చార్జింగుకి పెట్టాను.
ఎడమదాని లోపల తీగ వదులైంది,
బిగించడం పది నిమిషాల పని.
బిగించాను కూడా.
రేపు మాత్రం
ఏడు సెకన్లు నేనే ఆర్పుతాను.
జకరయ్యకి ఇంకా చెప్పలేదు.