మూడు గింజల ఎత్తు

కాసిమేడు తాకట్టు కొట్టులో
పోలమ్మ గొలుసు పెట్టిన నాలుగో రోజు
నా కాలేయంలో బంగారం వేశారు.

మూడు గింజలు.
ఒక్కొక్కటి బియ్యపు నూకంత.

"ఎంత తూగుతాయి డాక్టరమ్మా?" అని అడిగింది పోలమ్మ,
నగ కొంటున్నట్టు.
"పని అయ్యాక తీసి ఇస్తారా?"
డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది.
తియ్యరంట. లోపలే ఉంటాయంట, ఎప్పటికీ.
ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో
ఆమెకు నేను కొనింది రెండు కమ్మలు.
ఆ లెక్క ఆమె పైకి అనలేదు.
నేనే అనుకున్నాను, బల్ల మీద చొక్కా విప్పుతూ.

కుడి పక్కటెముకల కింద చల్లటి జిగురు పూశారు.
తెర మీద నా లోపలి చీకటి
ముసురుపట్టిన రేవులా మసగ్గా కదిలింది.
మొద్దుబార్చే మందు చీమలా కుట్టింది.
ఆ తర్వాతి సూది మాత్రం
చర్మం దాటి, కండ దాటి,
ఇక చాలనుకున్న చోటు కూడా దాటి వెళ్ళింది.
నొప్పి ఎక్కడొచ్చిందో తెలుసా, భుజంలో.
సూది ఒక ఊళ్ళో, కేక ఇంకో ఊళ్ళో.

"మూచ్చు పిడింగ అయ్యా," అంది షెన్బగం.
పట్టాను.
ఆ బిగబట్టిన ఊపిరిలో ఒకటి జారింది.

ఇరవై ఆరేళ్ళు హార్బరు లాంచీలో సరంగుని.
బోయాలు ఎత్తి, గొలుసులు మార్చి,
అడుగున పట్టిన గుల్లల్ని గీకి గీకి
మళ్ళీ నీళ్ళలోకి దించినవాణ్ణి.
బోయా రాయిని పగలగొట్టదు.
దాని మీద తీరిగ్గా ఊగుతూ
ఇక్కడే, ఇక్కడే అంటుంది. అంతే దాని ఉద్యోగం.
ఈ గింజలూ గడ్డని ఏమీ చెయ్యవంట.
చుట్టూ కూర్చుని చోటు చూపిస్తాయి,
కిరణం వచ్చేదాకా.
అవి కుదురుకోడానికి వారం ఆగాలంది డాక్టరమ్మ.
నాకు చెప్పాలా?
కొత్త గొలుసు బురదలో సర్దుకోడానికీ అంతే పడుతుంది.

ఆ వారం తుమ్మడానికి కూడా భయపడ్డాను.
పక్కింటి దైవసిగామణి పరామర్శకి వచ్చి
"పోయేవాడి నోట్లో కదన్నా బంగారం వేస్తారు,
నీకు ముందే వేశారే, అదీ అడ్రసు తప్పి" అన్నాడు.
పక్క నొప్పెట్టేదాకా నవ్వాను.
లోపల పోలమ్మ గిన్నె ఒకటి గట్టిగా పెట్టింది.

ఎనిమిదో రోజు స్కానింగు.
తెర మీద మూడు తెల్లచుక్కలు.
ఊపిరి తీస్తే కిందికి, వదిలితే పైకి.
నా పొట్టలో ఇంత అల ఉందని
ఇన్నాళ్ళూ నీళ్ళ మీద తిరిగిన నాకే తెలియలేదు.
ఊపిరంతా వదిలేసిన ఆ కొస దగ్గర
చుక్కలు నిలిచే రెప్పపాటులోనే కిరణం వదులుతారంట.
అయిదు సార్లు రావాలి.
ఎంత పెద్ద ఓడైనా
పోటు కోసం రేవు బయట కాచుకోవాల్సిందే.

పోలమ్మ తానూ చూస్తానంది.
కొంగుతో చేతులు తుడుచుకుని తెర దగ్గరికెళ్ళి
వేలు పెట్టి లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు.
ఇంకో చెయ్యి మెళ్ళో పసుపుతాడు మీద ఉంది.
"మూడూ ఉన్నాయి," అంది,
నాతో కాదు.

రాయపురం బస్సులో సీటు దొరికింది.
గతుకు వచ్చిన ప్రతిసారీ
ఆమె చెయ్యి వచ్చి నా కుడి డొక్క మీద ఆనింది,
నగల సంచీతో ఊరు పోయేవాళ్ళు
మాటల మధ్య దాన్ని తడుముకుంటారే, అలా,
కిటికీలోంచి బయటికి చూస్తూనే.