తొడిమ

మిరపకాయ తొడిమ తీయడం
నాకు పదకొండో ఏటి నించీ వచ్చు.
గోరుతో నొక్కి పుటుక్కున లాగాలి,
కాయ చిట్లకూడదు, గింజ రాలకూడదు.
కిలోకింతని కూలి.

గుంటూరులో, ఏటుకూరు రోడ్డు రేకుల షెడ్డులో
దగ్గని మనిషెవరు?
నా దగ్గునీ ఆ ఘాటుకే జమకట్టాం.
లేచి కూచుంటే కళ్ళకు చీకట్లు,
ఊపిరి సగంలో ఆగేది,
పక్కకు ఒత్తిగిలితే మళ్ళీ ఏమీ లేనట్టే.
పనెగ్గొట్టే వేషాలన్నాడు మేస్త్రీ.
సగం నేనూ నమ్మాను.

పెద్దాసుపత్రిలో
రొమ్ము కింద చల్లటి జిగురు రాసి
టీవీలో చూపించారు.
గుండె పైగదిలో ఓ మెత్తటి ముద్ద,
తలుపు తెరుచుకున్నప్పుడల్లా
కిందిగదిలోకి తొంగిచూసి వెనక్కొస్తోంది,
మేస్త్రీ వస్తున్నాడేమో చూసి రమ్మని
మేం పంపే పిల్లలాగా.

"క్యాన్సరా?" అంది తోడికోడలు సలోమి
నోటికి కొంగు అడ్డం పెట్టుకుని.
"కాదు. చెడ్డ గడ్డ కాదు. చోటు చెడ్డది.
ముక్క ఊడి నెత్తుట్లో పడితే
తలకెక్కుతుంది, కాలూ చెయ్యీ పడిపోతాయి.
దానికో తొడిమ ఉంది రూతమ్మా,
గదుల మధ్య గోడకి."

తొడిమ!
అంత భయంలోనూ
నాకు తెలిసిన మాట ఒకటి దొరికింది.
"లాగుతారా?"
"లాగితే చిట్లుతుంది.
మొదలంటా, గోడ పెచ్చుతో సహా కోసి,
ఆ చిల్లికి నీ గుండె పొరే మాటేస్తాం."
పని తెలిసిన మనిషే, అనుకున్నాను.

తొంభై నిమిషాలు గుండె ఆపారట.
నెత్తురుని మిషను తిప్పిందట.
అంతసేపూ నేనెక్కడున్నానే అంటే
"బయట బల్ల మీద, నా పక్కన" అంది సలోమి.

సీసాలో చూపించారు,
ముదిరిన తాటిముంజెలా ఉంది.
"ఎంత తూగింది?"
డాక్టరమ్మ నవ్వి చీటీ చూసింది.
నలభై రెండు గ్రాములు.
మా కాటాకి ముల్లు కూడా కదలదు.

మూణ్ణెల్ల తర్వాత షెడ్డుకెళ్తే
అన్నాళ్ళూ ఎగ్గొట్టినట్టే రాసుంది.
ఏడాదికోసారి చూపించుకోమన్నారు,
మళ్ళీ మొలవడం అరుదట.
మొదటిసారి మొలవడమూ అరుదేనన్నారు మరి.

రాత్రిళ్ళు అరచేతులు మండుతాయి,
రొమ్ము మీద కుట్టు దురదపెడుతుంది.
ఈ చేతుల్తో తాకలేను గదా,
మణికట్టు వెనక వైపుతో మెల్లగా రాసుకుంటాను.
లోపల తలుపు
తెరుచుకుంటోంది, మూసుకుంటోంది,
గడప మీద ఎవరూ లేరు.