చేతికి పట్టు

మూడో ప్రశ్న: పది అడుగుల గోడ.
గోడ మొదలుకి ఆరడుగుల దూరంలో నిచ్చెన కాలు.
నిచ్చెన పొడవెంత?

నవనీత లెక్క చెయ్యలేదు.
పది వర్గం రాయలేదు, ఆరు వర్గం రాయలేదు,
నూట ముప్పై ఆరుకి మూలం వెతకలేదు.
"పద్నాలుగు. అంతకు తక్కువది మేమియ్యం" అని రాసింది.
ఎర్రపెన్నుతో సున్నా చుట్టి
తర్వాతి కాగితం తీశాను.

ఆ వారమే మలక్‌పేటలో
మెట్లు లేని మా డాబా మీద నీళ్ల ట్యాంకు పగిలింది.

బేగంబజార్ వెనక గల్లీ. పచ్చి వెదురు వాసన.
కేతమ్మ అట, పీట మీద కూర్చుని మెట్లు బిగిస్తోంది.
చెవి సందున పెన్సిలు ముక్క.
నిచ్చెనలు మోసి మోసి కాయకట్టిన భుజం.
పాతికేళ్లుగా నేను పిల్లలతో వల్లె వేయిస్తున్న మాటలు,
భుజం, భుజం, కర్ణం,
నల్లబల్ల దిగొచ్చి
ఒక మనిషై కూర్చున్నట్టుంది.

"గోడెంత?"
"పది."
"కాలు ఎంత దూరం పెడ్తవ్?"
"ఆరు."
"ఆరా! జారి పడ్తవ్ సారూ. మూడు చాలు."

నిలబడే నూట తొమ్మిదికి మూలం తీశాను.
పదిన్నర కూడా లేదు.
"పదకొండుది ఇవ్వమ్మా, సరిపోతుంది."

ఆమె నవ్వలేదు.
"గోడకైతే ఆనుతది. ఎక్కుతవ్.
దిగేటప్పుడు ఏం పట్టుకుంటవ్?"

పద్నాలుగుదే ఇచ్చింది. రోజుకు అరవై.
ట్రాలీ ఆటోలో, తోకకు ఎర్రగుడ్డ కట్టుకుని,
చాదర్‌ఘాట్ వంతెన మీద
హారన్ల తిట్లన్నీ తింటూ వచ్చిందది.

ట్యాంకుకు మాటు వేయించాను. పొద్దు వాలింది.
పిట్టగోడ మీద వెనక్కి తిరిగి
కాలు గాల్లోకి జార్చి మొదటి మెట్టు కోసం తడుముతుంటే
చేతికి దొరికింది
ఏ సూత్రమూ అడగని
ఆ మూడున్నర అడుగుల వెదురు.

మర్నాడు నిచ్చెన తిరిగిచ్చేటప్పుడు
కట్టల వెనకనుంచి లేచి నిలబడింది నవనీత.
"నమస్తే సార్. మా నాయనమ్మ."
అంతే అంది. మార్కుల మాటెత్తలేదు.

కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.
లెక్క తప్పే. దశల్లేవు. మూలం లేదు.
దూరం ఆరే అయినా, పద్నాలుగులో
రెండడుగుల పైచిలుకు చేతికి మిగులుతుంది.
సున్నా పక్కన ఏం రాయాలో తోచక
పెన్ను చెవి మీద పెట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.