దండెం మీద చెంగల్రాయుడు

చెంగల్రాయుడికి స్నానమంటే గిట్టదు.
బకెట్లో సబ్బునురగ కనపడగానే
మొహం ముడుచుకుంటాడు.
సగం నేను కుట్టిన మొహమే, నాకు తెలియదా?
ఎడమ కన్ను ఊడిపోతే
నా పాత నైటీ గుండీ పెట్టాను.
అప్పట్నుంచి ఆ ఒక్క కంటితో
నన్ను కొంచెం అనుమానంగా చూస్తాడు.

ఎలుగుబంటి వాడు. బెల్లం రంగు.
లీలామహల్ సర్కిల్ దగ్గర కొన్నప్పుడు
షాపబ్బాయి అడిగినాడు,
"పాపకా, బాబుకా మేడమ్?"
"మా అక్క మనవడికి" అన్నాను.
రంగు కాగితం చుట్టించాను, పైన రిబ్బను కూడా.
జీవకోనకు షేర్ ఆటోలో వస్తా వస్తా
ఊపిరాడదేమోనని
కాగితం ఒక మూల చించాను.
అప్పటికి నాకు నలభై ఆరు.

పగలంతా కరెంటు బిల్లుల కౌంటర్లో
"చిల్లర లేదా? పక్కకు జరగండి" అనే గొంతు నాది.
ఇంటి తాళం తీసేటప్పుడు
దాన్ని చెప్పుల పక్కనే విడిచేస్తాను.

మొగిలమ్మ బాతు. ముక్కుమీద కోపం,
ఒళ్ళంతా ముక్కే మరి.
టీవీలో వార్తలు మొదలైతే గోడవైపు తిరుగుతుంది
(తిప్పేది నేనే, సరే. తిప్పమనేది తను).
గంగులప్ప కుందేలు.
చెనిక్కాయల ఊరిబిండి నూరేటప్పుడు
మిరపకాయలు లెక్కపెడతాడు:
"మూడు చాలు, నీకు కడుపులో మంట."
చెంగల్రాయుడు మాత్రం పలుకులు పొదుపు.
నాకు జ్వరమొచ్చిన మూడు రాత్రులూ
ఒక్క మాట అనలేదు.
తెల్లారి చూస్తే వాడి పొట్టంతా తడి.
నా చెమటే. అయినా.

కింద పోర్షన్ వసుంధరమ్మ ఒకసారి
చక్కెరకు వచ్చి చూసేసింది.
"ఇవన్నీ నీవేనా?"
ఆ 'ఇవి' దగ్గర మొగిలమ్మ ముక్కు ఇంకాస్త లేచింది.
"వీళ్ళు" అని దిద్దబోయి
గ్లాసు నిండా చక్కెర పోసి పంపించాను.

నిన్న ఆదివారం.
ముగ్గురినీ పిండి, మిద్దెమీద దండేనికి
చెవులకు క్లిప్పులు పెట్టి వేలాడదీశాను.
చెవుల్లేని మొగిలమ్మకు తోకకి, తలకిందులుగా.
ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

కుక్కరు మూడో కూత వేశాక పైకొస్తే
కొండ దిగిన కోతుల గుంపు.
ఒకటి ట్యాంకు మూత లాగతా ఉంది,
ఒకటి వసుంధరమ్మ వడియాలు
బుగ్గల్లో కుక్కుకుంటా ఉంది.
రొమ్ములు వాలిపోయిన ముసల్ది ఒకటి
చెంగల్రాయుణ్ణి క్లిప్పుల్లోంచి పెరికి
పిట్టగోడమీద కూర్చుంది.

నా చేతిలో కర్ర ఉంది.
గొంతు చెప్పుల దగ్గరే ఉండిపోయింది.

దూది పీకేస్తుందనుకున్నాను.
ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని
తడి బొచ్చు పాయలు తీసి
పేలు చూసింది.
ఓపిగ్గా, మెడ దగ్గర్నుంచి నడుము దాకా.
ఏదో దొరికినట్టే, నోట్లో కూడా వేసుకుంది.
వాడు కదల్లేదు.
నా దగ్గర ఏనాడూ లేనంత బుద్ధిగా ఉన్నాడు.
వెల్లకిలా తిప్పి
గుండీ కన్ను దగ్గర ఆగింది.
వేలితో రెండుసార్లు తట్టింది.
తర్వాత నావైపు చూసింది,
పది రూపాయలు తక్కువిచ్చిన మనిషిని
కౌంటర్లోంచి నేను చూసినట్టు.

గుంపు కదిలాక
వాణ్ణి గోడమీద కూర్చోబెట్టి పోయింది.
పడేసి కాదు.

ఇప్పుడు రాత్రి పది.
వాడి నడుము దగ్గర తడి ఇంకా ఆరలేదు,
ఫ్యాను కింద పెట్టాను.
"ఏమనిందిరా ఆమె?"
పలకడు.
గుండీ కంటితో నా తలవైపే చూస్తా ఉన్నాడు.
జడ విప్పుకుని
వాడి ముందు, వీపు తిప్పి కూర్చున్నాను.